రోడ్డు మీద జింక, డిక్కీలో కత్తి: బ్రిటన్‌లోని తెలుగువాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

ఏటా అక్టోబరు చివరి ఆదివారం గడియారాలు గంట వెనక్కి తిప్పుకున్న కొద్ది రోజులకే మా వాట్సాప్ గ్రూపుల్లో ఒక ఫొటో వస్తుంది. జింకను గుద్ది బంపర్ ఊడిన కారు, వెనక చీకటి రోడ్డు. దాని కింద అవే ప్రశ్నలు: ఎవరికి ఫోన్ చేయాలి, ఇంకా బతికే ఉంది ఏం చేయను, ఇలాంటప్పుడు పనికొస్తుందని కారులో ఒక కత్తి పెట్టుకుంటే తప్పా? ఒక నవంబరు రాత్రి బెడ్‌ఫర్డ్‌షైర్‌లో నాకూ ఆ అనుభవం అయింది. అప్పటి నుంచి చదివి, తెలిసినవాళ్లను అడిగి నేర్చుకున్నదంతా ఇక్కడ ఒకచోట పెడుతున్నాను. విడిగా చెప్పనిచోట చట్టం మాటలన్నీ ఇంగ్లండ్, వేల్స్ గురించే. నేను లాయర్‌ని కాను. వ్యవహారం కేసు దాకా వెళ్తే సొలిసిటర్‌ని కలవండి.

## బయల్దేరే ముందు

మేం ఉండేది టౌన్‌లో. మాకు జింకలు అడ్డం రావడం ఏంటి?

వస్తాయి. బ్రిటన్‌లో అడవి జింకలు ఆరు రకాలు: రెడ్, రో, ఫాలో, సీకా, మంట్‌జాక్, చైనీస్ వాటర్ డీర్. వీటిలో రెడ్, రో మాత్రమే ఈ నేల మీదివి. మిగతావి బయటి నుంచి తెచ్చినవి. మంట్‌జాక్ అయితే బెడ్‌ఫర్డ్‌షైర్‌లోని వోబర్న్ ఎస్టేట్‌కి తెచ్చిన చైనా జాతి. అక్కడి నుంచి తప్పించుకుని, మనుషులు వేరే చోట్ల వదిలిపెట్టి, ఇప్పుడు దక్షిణ ఇంగ్లండ్ అంతా పాకింది. కుక్కంత ఉంటుంది, కుక్కలాగే మొరుగుతుంది. మిల్టన్ కీన్స్‌లో రోడ్ల పక్కన పెంచిన చెట్ల వరుసల్లోనే కాపురం ఉంటుంది. దేశం మొత్తం మీద ఏడాదికి వాహనాలు గుద్దే జింకలు 40 వేల నుంచి 74 వేల దాకా ఉంటాయని అంచనా. ఆష్‌డౌన్ ఫారెస్ట్, కానక్ చేజ్, థెట్‌ఫర్డ్ ఫారెస్ట్, న్యూ ఫారెస్ట్, హెర్ట్‌ఫర్డ్‌షైర్‌లో ఆష్‌రిడ్జ్ చుట్టుపక్కల రోడ్లు బాగా పేరుబడ్డవి. ఎర్ర త్రికోణంలో ఎగురుతున్న జింక బొమ్మ కనిపిస్తే అది అలంకారానికి పెట్టింది కాదు.

ఏ నెలల్లో, ఏ వేళల్లో ఎక్కువ జాగ్రత్తగా ఉండాలి?

ఏడాదిలో రెండుసార్లు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఒకటి, మే నెలలో ఇంకొకటి. చలికాలం మొదట్లో రెడ్, ఫాలో జింకలు జతకట్టే కాలం. మగవి ఒళ్లు తెలియకుండా తిరుగుతాయి. పైగా గడియారం మారగానే మనం ఆఫీసు నుంచి ఇంటికొచ్చే టైము, వాటికి మునిమాపు ఒకటే అవుతుంది. మేలో ఏడాది వయసు రో జింకలను పెద్దవి తరిమేస్తాయి, అవి కొత్త చోటు వెతుక్కుంటూ రోడ్లు దాటతాయి. వేళ అంటారా, సూర్యోదయానికి, సూర్యాస్తమయానికి అటూ ఇటూ.

ఎదురుగా వచ్చేస్తే స్టీరింగ్ తిప్పాలా, బ్రేక్ వేయాలా?

వెనక వాహనం చూసుకుని బ్రేక్ వేయండి. స్టీరింగ్ గట్టిగా తిప్పేయకండి. ఇలాంటి ప్రమాదాల్లో మనుషుల ప్రాణాలు పోయేది చాలాసార్లు జింకను గుద్దినందుకు కాదు, తప్పించబోయి చెట్టునో ఎదురు లారీనో గుద్దినందుకు. జింక లైట్లకు కళ్లు చెదిరి నిలబడిపోతే ఫుల్ బీమ్ తగ్గించండి, కదలడానికి దానికి అవకాశం దొరుకుతుంది. ఒకటి దాటిందని గాలి పీల్చుకుని యాక్సిలరేటర్ తొక్కొద్దు. రెండోది, మూడోది వెనకే ఉంటాయి. నేను గుద్దింది రెండోదాన్నే.

## గుద్దిన మొదటి పది నిమిషాలు

గుద్దేశాను. ఆగకుండా వెళ్లిపోతే కేసు అవుతుందా?

జింక విషయంలో రిపోర్ట్ చేసి తీరాలని చట్టం లేదు. రోడ్ ట్రాఫిక్ యాక్ట్ 1988లో 170వ సెక్షన్ ప్రకారం గుర్రం, ఆవులు, ఎడ్లు, గాడిద, కంచరగాడిద, గొర్రె, పంది, మేక, కుక్క, వీటికి దెబ్బ తగిలితే ఆగాలి, రిపోర్ట్ చేయాలి. ఆ జాబితాలో జింక లేదు, పిల్లీ లేదు. కానీ ఇంకో మనిషికో, వేరేవాళ్ల వాహనానికో ఆస్తికో నష్టం జరిగితే ఆగడం తప్పనిసరి. చట్టం సంగతి పక్కన పెడితే, రోడ్డు మధ్య పడి ఉన్న 60 కిలోల జంతువు వెనకాల వచ్చే బైక్‌వాడికి మృత్యువు. ఫోన్ చేయకుండా వెళ్లిపోవడాన్ని నేనైతే సమర్థించలేను.

999కి చేయాలా, 101కి చేయాలా, ఆర్‌ఎస్‌పీసీఏకా?

జింక రోడ్డు మీద ఉండి వాహనాలకు అడ్డమైనా, మనుషులకు దెబ్బలు తగిలినా 999. జింక గాయపడి పక్కన గడ్డిలో ఉంది, ట్రాఫిక్‌కి ఇబ్బంది లేదు అంటే 101. ఈ రెండు నంబర్లతోనూ పోలీసులు దొరుకుతారు, జింకల కోసం రాత్రిపూట పిలిస్తే వచ్చే నిపుణుల జాబితా ఉండేది ఎక్కువగా వాళ్ల దగ్గరే. జంతువుల సంక్షేమ సంస్థ ఆర్‌ఎస్‌పీసీఏ నంబర్ 0300 1234 999. స్కాట్లండ్‌లో ఆ సంస్థ పనిచేయదు, అక్కడ స్కాటిష్ ఎస్‌పీసీఏ ఉంది, 03000 999 999. ఇవన్నీ ముందే ఫోన్‌లో సేవ్ చేసుకోండి. చేతులు వణుకుతుంటే నంబర్ వెతకడం కూడా పెద్ద పనే.

లొకేషన్ అడుగుతారు. చుట్టూ చీకటి, ఊరి పేరే తెలియదు. ఏం చెప్పాలి?

వాట్ త్రీ వర్డ్స్ యాప్‌లో వచ్చే మూడు మాటలు చెబితే ఇక్కడి ఎమర్జెన్సీ సర్వీసులకు సరిపోతుంది. యాప్ లేకపోతే గూగుల్ మ్యాప్స్‌లో నీలం చుక్కను నొక్కి పట్టుకుంటే వచ్చే అంకెలు చదవండి. మోటార్‌వే అయితే పక్కన 100 మీటర్లకొకటి చిన్న మార్కర్ పోస్టులు ఉంటాయి, వాటి మీది నంబర్, మీరు వెళ్తున్న దిక్కు చెప్పండి. జింక రోడ్డుకి ఏ వైపు ఉందో, కదులుతోందో లేదో, ఎంత పెద్దదో కూడా చెప్పాలి. రకం పేరు తెలియకపోయినా ఫర్వాలేదు. "లాబ్రడార్ కుక్కంత", "దూడంత" అంటే వాళ్లకు అర్థమవుతుంది.

దగ్గరికి వెళ్లి నీళ్లు పట్టొచ్చా? దుప్పటి కప్పొచ్చా?

వద్దు. మన అలవాటు అది, దెబ్బ తగిలినవాళ్ల నోట్లో నీళ్లు పోస్తాం. అడవి జింకకు మనిషి అంటే వేటాడే జంతువు. మీరు అడుగు వేసిన ప్రతిసారీ అది లేవబోయి, విరిగిన కాలు మీద పడి, ఇంకా నలుగుతుంది. కాళ్లతో తన్నితే మన ఎముక విరుగుతుంది. మగదైతే కొమ్ములు. ముందు మీ భద్రత చూసుకోండి: హజార్డ్ లైట్లు, రిఫ్లెక్టివ్ జాకెట్, మామూలు రోడ్డయితే కనీసం 45 మీటర్ల వెనక త్రికోణం. మోటార్‌వే మీద త్రికోణం పెట్టకూడదు, ఎడమవైపు తలుపుల్లోంచి దిగి బారియర్ వెనక నిలబడాలి. ఆ తర్వాత జింకకు దూరంగా, దాని కంటపడకుండా, నిశ్శబ్దంగా ఉండటమే మీరు చేయగల ఉపకారం. టార్చ్ ముఖం మీద వేయకండి, ఫొటో కోసం ఫ్లాష్ అసలు వద్దు. కుక్క ఉంటే కారులోనే ఉంచండి.

కదలకుండా పడుకుంది, కళ్లు తెరిచే ఉంది. నొప్పి తగ్గినట్టేనా?

కాదు. భయం ముదిరితే జింక బిగుసుకుపోతుంది. చూడటానికి శాంతంగా అనిపిస్తుంది, లోపల గుండె పరుగులు తీస్తుంటుంది. మా ఆవిడ ఆ రాత్రి "పాపం, నన్నే చూస్తోంది, తగ్గుతున్నట్టుంది" అంది. దాని నడుము విరిగిందని తర్వాత తెలిసింది. తల నిమరడం, మాట్లాడటం మన మనసుకు ఊరట, దానికి కాదు.

జింక లేచి పొదల్లోకి పోయింది. నా పని అయిపోయినట్టేనా?

కుంటుతూ వెళ్లినా, రక్తం కనిపించినా 101కి చెప్పండి. అది ఏ చోట రోడ్డు దిగిందో గుర్తుపెట్టుకోండి, కంచెకు ఒక గుడ్డముక్క కట్టినా చాలు. వచ్చినవాళ్లు శిక్షణ ఉన్న కుక్కతో వెతకగలుగుతారు. మీరు మాత్రం వెంటపడొద్దు. తరిమితే అది ఇంకా దూరం పోయి ఎవరికీ దొరకని చోట చస్తుంది. ఆ పొలం వేరేవాళ్లది అన్న సంగతి కూడా ఉంది.

గడ్డిలో జింక పిల్ల ఒంటరిగా ఉంది. తల్లి కనపడట్లేదు, ఇంటికి తెచ్చేయమంటారా?

తేవద్దు. మే, జూన్ నెలల్లో రో జింక తన పిల్లను గడ్డిలో పడుకోబెట్టి మేతకు పోతుంది. గంటల తరబడి రాకపోవడం మామూలే. చుట్టుపక్కల తల్లి చచ్చిపడి ఉంటేనో, పిల్లకు గాయం కనిపిస్తేనో మాత్రం ఆర్‌ఎస్‌పీసీఏకి ఫోన్ చేయండి. ఇంటికి తెస్తే యానిమల్ వెల్ఫేర్ యాక్ట్ 2006 కింద దాని బాగోగుల బాధ్యత మీ మెడకు చుట్టుకుంటుంది. ఫ్లాట్‌లో జింకను సాకడం శకుంతల కథలో బాగుంటుంది.

## ప్రాణం తీయాల్సి వచ్చినప్పుడు

పోలీసులు ఎవరినో పంపిస్తామన్నారు. ఎవరు వస్తారు, ఏం చేస్తారు?

చాలాచోట్ల స్థానికంగా జింకల నిర్వహణ తెలిసిన మనిషి, గేమ్‌కీపరో (ఎస్టేట్‌లో వేట జంతువులను చూసుకునేవాళ్లు) స్టాకరో (జింకల వేటగాళ్లు), తన రైఫిల్ తీసుకుని వస్తారు. కొన్నిచోట్ల పోలీసుల్లోనే తుపాకీ శిక్షణ ఉన్నవాళ్లు వస్తారు, కొన్నిసార్లు వెట్, అంటే పశువుల డాక్టర్. దీన్ని ఇక్కడ హ్యూమేన్ డిస్పాచ్ అంటారు, అంటే బాధ పెట్టకుండా ప్రాణం తీయడం. మా దగ్గరికి వచ్చిన పెద్దాయన ముందు టార్చ్‌ను నేల మీదికి వాల్చి దూరం నుంచే రెండు నిమిషాలు జింకను చూశాడు. తర్వాత గుండు దూసుకుపోయినా మట్టిలోనే దిగేలా తను నిలబడే చోటు మార్చుకున్నాడు, మమ్మల్ని కారులో కూర్చోమన్నాడు. ఒక్క చప్పుడు. 70 నిమిషాల మా ఎదురుచూపు ఒక్క క్షణంలో ముగిసింది. మీరు అడిగితే తప్ప వాళ్లు ఎక్కువ మాట్లాడరు. చెప్పినచోట నిలబడటం, వీడియో తీయకపోవడం, ఇవి చాలు.

చంపడం ఎందుకు? వెట్ దగ్గరికి తీసుకెళ్తే బతకదా?

చిన్న దెబ్బ, కాసేపు స్పృహ తప్పడం లాంటివైతే కొన్ని లేచి వెళ్లిపోతాయి. కాలు ఎముక విరిగినా, నడుము పడిపోయినా పెద్ద జింకకు వైద్యం దాదాపు అసాధ్యం. కట్టు కట్టి వారాల తరబడి గదిలో ఉంచితే ఆ భయానికే కండరాలు దెబ్బతిని, గుండె ఆగి చనిపోవచ్చు. ఆవుకో కుక్కకో మనిషి చెయ్యి అలవాటు, దీనికి లేదు. అందుకే వెట్ కూడా చాలాసార్లు ఇంజెక్షన్‌తో ప్రాణం తీయడమే మేలంటారు. మందుతో చనిపోయిన జింక మాంసం ఎవరూ తినకూడదు. నక్క తిన్నా, గద్ద తిన్నా వాటికీ విషమే, కాబట్టి కళేబరాన్ని పద్ధతిగా తీసేయాలి. మీ కారు వెనక సీట్లో ఎక్కించుకుని వెట్ దగ్గరికి బయల్దేరొద్దు, దారిలో తెలివొస్తే కారు లోపల ఏం జరుగుతుందో ఊహించుకోండి.

గంట దాటింది, ఎవరూ రాలేదు. అది గిలగిల్లాడుతుంటే చూడలేకపోతున్నా. నేనే ముగించేస్తే చట్టం ఒప్పుకుంటుందా?

అందరూ గొంతు తగ్గించి అడిగే ప్రశ్న ఇది. కాబట్టి సూటిగానే చెబుతాను. గాయపడిన జింక బాధను ఆపడానికి చేసిన పనిని డీర్ యాక్ట్ 1991 కొంతవరకు మినహాయిస్తుంది. ఆరో సెక్షన్ ప్రకారం, వేట నిషేధ కాలంలో చంపినందుకో రాత్రిపూట చంపినందుకో మీ మీద నేరం పడదు. వైల్డ్ మామల్స్ యాక్ట్ 1996లో కూడా, ఇక కోలుకునే ఆశ లేనంతగా దెబ్బతిన్న జంతువును దయతో చంపితే మినహాయింపు ఉంది. ఆ ఆశ లేదని చూపించాల్సిన భారం మీదే.

అంటే చట్టం మీ దయను తప్పు పట్టడం లేదు. కానీ మీకు చేతకాని పద్ధతికి అది రక్షణ కూడా కాదు. అదే 1996 చట్టం అనవసరమైన బాధ పెట్టాలనే ఉద్దేశంతో పొడవడం, కొట్టడం, రాళ్లు వేయడం, నలిపేయడం వంటివన్నీ పేరుపేరునా నేరాలుగా రాసింది. మీ మనసులో దయే ఉన్నా, జాకీ రాడ్‌తో పదిసార్లు కొట్టి చంపారంటే చూసినవాళ్లు చెప్పే కథ వేరుగా ఉంటుంది. శిక్షణ లేనివాళ్లకు నా సలహా ఒకటే: మళ్లీ ఫోన్ చేయండి. ఇంకా బతికే ఉంది, తీవ్రంగా బాధపడుతోంది, ఎంతసేపు పడుతుంది అని అడగండి. దగ్గర్లోని 24 గంటల వెట్‌కి కూడా చేయండి. ఎదురుచూడటం నరకమే, నాకు తెలుసు. తెలియని చెయ్యి ఆ నరకాన్ని ఇంకా పొడిగిస్తుంది.

మా తాత మేకలు కోసేవాడు, నేనూ పక్కన ఉండి చూశాను. కత్తితో అయితే నిమిషం పని కదా?

మేకను ఇద్దరు పట్టుకుంటారు. అది మనుషుల మధ్య పెరిగింది. పదును పెట్టిన కత్తి, పగటి వెలుగు, ఏళ్ల అనుభవం ఉంటాయి. రోడ్డు పక్కన వీటిలో ఒక్కటీ లేదు. స్పృహలో ఉన్న జంతువు గొంతు కోస్తే ప్రాణం వెంటనే పోదు, రక్తం కారి స్పృహ తప్పేదాకా దానికి అంతా తెలుస్తుంది. రెడ్ డీర్ మగదైతే 150 కిలోలు దాటొచ్చు. అది ఒక్కసారి విదిలిస్తే కత్తి ఎవరికి దిగుతుందో చెప్పలేం. ఇక్కడి నిపుణుల మార్గదర్శకాల్లో కూడా మొదటి మాట తుపాకీదే. కత్తి అన్నది శిక్షణ ఉన్నవాళ్లు, వేరే దారి లేనప్పుడు, కదల్లేని జంతువు మీద మాత్రమే వాడే ఆఖరి సాధనం.

కారుతోనే ఇంకోసారి ఎక్కించేస్తే?

వద్దు. చక్రం ఎక్కడ పడుతుందో మీ చేతిలో ఉండదు. చాలాసార్లు చావదు, ఇంకా నలుగుతుంది. వెనక వచ్చేవాళ్లకు మీ కారే ప్రమాదం.

చనిపోయిందని ఎలా తెలుస్తుంది?

డొక్కలు ఎగిసిపడటం ఆగిపోవాలి. వీపు వైపు నుంచి వెళ్లి, పొడవాటి కర్రతో కంటిని మెల్లగా తాకితే రెప్ప కదలకూడదు. కాళ్లు కొట్టుకోవడం మాత్రం చావు తర్వాత కూడా కాసేపు ఉంటుంది, దాన్ని చూసి బతికే ఉందనుకోవద్దు. అనుమానం ఉంటే దూరంగానే ఉండి, వచ్చే మనిషికి వదిలేయండి.

పిల్లలు కారులో ఉన్నారు. వాళ్లకు ఏం చెప్పను?

అబద్ధం చెప్పకండి. "దానికి చాలా నొప్పిగా ఉంది, నొప్పి లేకుండా చేసే అంకుల్ వస్తున్నారు" అంటే ఐదేళ్ల పిల్లకు కూడా అర్థమవుతుంది. "హాస్పిటల్‌కి తీసుకెళ్లారు" అని మేం చెప్పాం. ఏ హాస్పిటల్, ఎప్పుడు డిశ్చార్జ్ అని మా పాప నెల రోజులు అడిగింది.

## కత్తి సంగతి

ఎప్పుడైనా అవసరం పడుతుందని కారులో ఒక కత్తి పెట్టుకోవచ్చా?

ఇంగ్లండ్, వేల్స్‌లో పెట్టుకోవద్దు. క్రిమినల్ జస్టిస్ యాక్ట్ 1988, 139వ సెక్షన్ ప్రకారం బహిరంగ ప్రదేశంలో బ్లేడు ఉన్న వస్తువు దగ్గర ఉండటమే నేరం. వాడక్కర్లేదు, ఎవరినీ బెదిరించక్కర్లేదు. శిక్ష నాలుగేళ్ల జైలు దాకా ఉండొచ్చు. తప్పించుకోవాలంటే ఆ సమయానికి సరైన కారణం ఉందని మీరే నిరూపించుకోవాలి. "ఎప్పుడైనా జింక అడ్డొస్తుందేమో" అనేది ఆ కారణం కిందికి వచ్చే మాట కాదు. ఆత్మరక్షణ కోసం అంటే ఇంకా అధ్వాన్నం. వస్తుందో రాదో తెలియని జింక కోసం రోజూ నేరం మోసుకు తిరగడం అవుతుంది.

మూడు అంగుళాలలోపు అయితే ఏ కత్తయినా ఓకేనా?

కాదు, చాలామంది తడబడేది ఇక్కడే. కారణం చెప్పకుండా దగ్గర పెట్టుకోదగినది ఒకే రకం: మడిచే చిన్న జేబు కత్తి, పదును అంచు 3 అంగుళాలు (7.62 సెం.మీ.) మించకూడదు, తెరిచాక లాక్ పడకూడదు. బటనో లివరో నొక్కితే తప్ప మూసుకోని కత్తి ఈ మినహాయింపులోకి రాదని 1990ల మొదట్లోనే హైకోర్టు తేల్చింది. క్యాంపింగ్ కోసం కొనే మల్టీటూల్స్‌లో చాలా వాటికి బ్లేడు లాక్ అవుతుంది, కొనేముందు చూసుకోండి. మడవని కత్తి రెండు అంగుళాలున్నా సరే, కారణం కావాలి. 2005లో ఒక కేసులో పదును లేని బటర్ నైఫ్ కూడా బ్లేడు కిందికే వస్తుందని కోర్టు అంది. నవ్వొచ్చినా నిజం. బటన్ నొక్కితే తెరుచుకునే ఫ్లిక్ నైఫ్, 2024 సెప్టెంబరులో నిషేధించిన, బెదిరించేలా కనిపించే పొడవాటి జాంబీ కత్తులు ఇంట్లో పెట్టుకున్నా నేరమే.

కారు నా సొంతం. అది పబ్లిక్ ప్లేస్ ఎలా అవుతుంది?

కారు మీదే, రోడ్డు ప్రజలది. రోడ్డు మీదున్నా, సూపర్‌మార్కెట్ పార్కింగ్‌లో ఉన్నా మీరు బహిరంగ ప్రదేశంలో ఉన్నట్టే లెక్క. గ్లవ్ బాక్స్‌లో, సీటు కింద, డిక్కీలో, ఎక్కడున్నా మీ దగ్గర ఉన్నట్టే.

ఉగాది కార్యక్రమానికి మామిడికాయలు కోయాలి, కత్తిపీట తీసుకెళ్లాలి. దానికీ భయపడాలా?

భయపడక్కర్లేదు, బుద్ధిగా తీసుకెళ్తే చాలు. వంటకు వెళ్తున్నారు, ఆ రోజు, ఆ హాలుకి. అది చెప్పుకోదగిన కారణమే. కత్తిపీటను మందపాటి గుడ్డలో చుట్టి, అట్టపెట్టెలో పెట్టి, డిక్కీలో వంటసామాన్ల మధ్య ఉంచండి. పక్కన మామిడికాయల సంచి ఉంటే మీ మాటకు అదే సాక్ష్యం. కార్యక్రమం అయ్యాక నేరుగా ఇంటికి, ఇంట్లోకి. నాలుగు రోజుల తర్వాత కూడా అది డిక్కీలోనే ఉంటే ఆ కారణం చెల్లదు. కొత్త కత్తి కొని ప్యాకింగ్ విప్పకుండా ఇంటికి తెచ్చుకోవడానికి, ఇల్లు మారేటప్పుడు వంటింటి కత్తులు పెట్టెలో సర్దుకోవడానికి కూడా ఇదే లెక్క. కొబ్బరికాయ కొట్టే కొడవలిని గుడి నుంచి వచ్చేటప్పుడు ముందు సీట్లో పడేసి తిరిగినవాళ్లను నేను చూశాను. దయచేసి అలా చేయకండి.

మర్చిపోయాను, అంతే. పళ్లు కోసుకునే కత్తి ఆఫీసు బ్యాగులో ఉండిపోయింది. మర్చిపోవడం తప్పా?

మర్చిపోవడం ఒక్కటే సరైన కారణం కాదని కోర్టులు చెప్పాయి. ఎందుకు పెట్టుకున్నారు, ఎలా మర్చిపోయారు అన్నది కలిపి చూస్తారు. వీసా మీద ఉన్నవాళ్లకు టెన్షన్ ఇంకా ఎక్కువ: పోలీసులిచ్చే కాషన్ (అధికారిక హెచ్చరిక) అయినా, కోర్టు శిక్ష అయినా తర్వాత దరఖాస్తుల్లో రాయాల్సి వస్తుంది. పిక్నిక్ నుంచి రాగానే బ్యాగు దులపడం అలవాటు చేసుకోండి. లంచ్ బాక్స్‌లో యాపిల్ ఇంట్లోనే కోసి పెట్టుకుంటే గొడవే లేదు.

జింక దగ్గర నిలబడి ఉన్నాం, పోలీసులు వచ్చారు, కారులో కత్తి ఉంది. ఏం చేయాలి?

వాళ్లు వెతికి పట్టుకోకముందే మీరే చెప్పండి. ఎక్కడుందో మాటతో చెప్పాలి, తీసి చూపించకూడదు. ఎందుకుందో నిజం చెప్పండి. జింక కోసమే తెచ్చానని అప్పటికప్పుడు కథ అల్లితే, అసలు కారణం మంచిదైనా పాడవుతుంది. అరెస్ట్ అంటే ఇంకేం మాట్లాడకుండా సొలిసిటర్ కావాలని అడగండి. పోలీస్ స్టేషన్‌లో ఆ సలహా ఉచితం.

పిలిస్తే వచ్చే ఆ నిపుణుల దగ్గర పెద్ద కత్తులే ఉంటాయి కదా, వాళ్లకో న్యాయం మనకో న్యాయమా?

చట్టం ఒకటే, కారణం వేరు. పోలీసులు పిలిచారు, శిక్షణ ఉంది, ఆ పని మీదే వెళ్తున్నారు. వాళ్లు కూడా కత్తిని రైఫిల్ సామగ్రితో పాటు తాళం వేసి తీసుకెళ్తారు, పని అయ్యాక ఇంటికి చేరుస్తారు. అదే మనిషి అదే కత్తిని మర్నాడు బెల్టుకి పెట్టుకుని పబ్‌కి వెళ్తే అతనిదీ నేరమే.

సెలవులకు స్కాట్లండ్ వెళ్తున్నాం. అక్కడా ఇవే రూల్సా?

కత్తి విషయంలో దాదాపు ఇంతే: మూడు అంగుళాల మడిచే కత్తి మినహాయింపు అక్కడా ఉంది. చట్టం పేరు వేరు, గరిష్ఠ శిక్ష ఐదేళ్లు. జింకల విషయంలో డీర్ (స్కాట్లండ్) యాక్ట్ 1996 ఇంకాస్త స్పష్టంగా ఉంది. 25వ సెక్షన్ గాయపడిన, జబ్బుపడిన జింకతో పాటు తల్లి పోయిన పిల్ల బాధను ఆపడానికి చేసిన పనికి కూడా మినహాయింపు ఇస్తుంది. ఏ9, ఏ82, ఏ87 రోడ్ల మీద రెడ్ డీర్ ఎక్కువ. రాత్రి ప్రయాణం పెట్టుకోకపోతే మంచిది.

## అంతా అయ్యాక

మాంసం ఇంటికి తెచ్చుకోవచ్చా? గుద్దినవాడు కాదు, వెనక వచ్చినవాడు తీసుకోవచ్చంటారు, నిజమేనా?

ఆ వెనక కారు కథ ప్రచారమే. బతికున్న అడవి జింక ఎవరి ఆస్తీ కాదు, చచ్చాక మాత్రం అది పడిన నేల యజమానికి చెందుతుంది. అనుమతి లేకుండా కళేబరాన్ని తీసుకెళ్లడం డీర్ యాక్ట్ మొదటి సెక్షన్ కింద నేరం. చట్టం పక్కన పెట్టినా, గుద్దిన దెబ్బకు పేగులు పగిలి మాంసమంతా పాడై ఉండొచ్చు. ఒంటి నిండా పిడుదులు ఉంటాయి, వాటితో లైమ్ వ్యాధి వస్తుంది. జింక మాంసం తినాలనిపిస్తే కసాయి కొట్టులో వెనిసన్ దొరుకుతుంది.

చచ్చిన జింకను ఎవరు తీస్తారు?

ఇంగ్లండ్‌లో మోటార్‌వేలు, పెద్ద ఏ రోడ్ల మీద నేషనల్ హైవేస్, 0300 123 5000. మిగతా రోడ్ల మీద స్థానిక కౌన్సిల్, వాళ్ల వెబ్‌సైట్‌లో ఫారం ఉంటుంది. మీరే ఈడ్చి పక్కన పడేయాలని చూడకండి.

ఇన్సూరెన్స్ వస్తుందా?

కాంప్రెహెన్సివ్ పాలసీ అయితే వస్తుంది. థర్డ్ పార్టీ అయితే మీ కారు ఖర్చు మీదే. జింకకు యజమాని ఉండడు, డబ్బు వసూలు చేయడానికి అవతలి పక్షం ఉండదు. అందుకే మీ తప్పు లేకపోయినా సాధారణంగా ఫాల్ట్ క్లెయిమ్‌గానే రాస్తారు, నో క్లెయిమ్స్ బోనస్ తగ్గొచ్చు. నాది తగ్గింది. ఎంత వాదించినా "జింక తరఫు ఇన్సూరర్ వివరాలు ఉన్నాయా" అన్నట్టే మాట్లాడారు. పోలీసులిచ్చిన రిఫరెన్స్ నంబర్, కారు ఫొటోలు, చిక్కుకున్న వెంట్రుకలు కనిపించే ఫొటో ఉంచుకోండి.

ఇంకోసారి ఇలా నిస్సహాయంగా నిలబడలేను. నేనే ఈ పని నేర్చుకోవచ్చా?

నేర్చుకోవచ్చు. బ్రిటిష్ డీర్ సొసైటీ లాంటి సంస్థలు కోర్సులు నడుపుతాయి. డీర్ స్టాకింగ్ సర్టిఫికెట్ లెవెల్ 1తో చాలామంది మొదలుపెడతారు: జింకల గుర్తింపు, చట్టం, షూటింగ్ పరీక్ష ఉంటాయి. ఆ తర్వాత ఫైర్ఆర్మ్ సర్టిఫికెట్ కోసం పోలీసులకు దరఖాస్తు, ఇంటి తనిఖీ, తుపాకీ బీరువా. ఏళ్లు పడుతుంది. మన ఆఫీసు ఉద్యోగాల్లోంచి ఈ దారిలో వెళ్లినవాళ్లు తక్కువ. తుపాకీ జోలికి వెళ్లకపోయినా, జింకల గురించి ఒక్కరోజు అవగాహన తరగతికి వెళ్లి రండి. నేను వెళ్లాను. ఆ రాత్రి నేను చేసిన తప్పులు నాలుగు అని అక్కడ లెక్క తేలింది, మొదటిది హెడ్‌లైట్లు దాని మీదే వేసి ఉంచడం.

ఇండియా వెళ్లినప్పుడు శ్రీశైలం రోడ్డులో ఇలా జరిగితే?

ఇక్కడ నేర్చుకున్నది అక్కడ వాడకండి. వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972 ప్రకారం బాధ తీర్చడానికి కూడా మామూలు మనిషి జింకను చంపకూడదు. కోలుకోలేని జంతువు విషయంలో నిర్ణయం చీఫ్ వైల్డ్ లైఫ్ వార్డెన్‌ది. చనిపోయినది ప్రభుత్వ ఆస్తి. చుక్కల జింక తెలంగాణ రాష్ట్ర జంతువు, కృష్ణజింక ఆంధ్రప్రదేశ్‌ది, రెండింటికీ రక్షణ ఉంది. 112కి ఫోన్ చేసి అటవీశాఖకు చెప్పమనండి, లేదా దగ్గర్లోని ఫారెస్ట్ చెక్‌పోస్ట్‌లో చెప్పండి. జింకను కారులో ఎక్కించుకుంటే మీ ఉద్దేశం మంచిదైనా అది వేట కేసులా కనిపిస్తుంది. ఆమ్రాబాద్ టైగర్ రిజర్వ్ మీదుగా వెళ్లే ఆ రోడ్డును మన్ననూరు దగ్గర రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా మూసేస్తారు. గేటు దగ్గర తెల్లవారేదాకా ఆగాల్సి వచ్చిందని మావాళ్లు విసుక్కుంటారు. ఆ తొమ్మిది గంటలు జింకలవి.

కత్తి లెక్క కూడా అక్కడ వేరు. ఆయుధాల నియమాల ప్రకారం 9 అంగుళాల కంటే పొడవు, లేదా 2 అంగుళాల కంటే వెడల్పు బ్లేడున్న పదునైన ఆయుధాలకు ప్రభుత్వం నోటిఫై చేసిన ప్రాంతాల్లో లైసెన్స్ కావాలి. వంటింటికి, వ్యవసాయానికి మాత్రమే చేసినవి అందులోకి రావు. అందుకే మీ మామయ్య కారులో కొబ్బరిబొండాల కత్తి ఏళ్ల తరబడి ఉంటుంది, ఎవరూ అడగరు. ఆయన లండన్ వచ్చినప్పుడు మాత్రం ముందే చెప్పండి.